అద్దం వెనక బొట్టు

1941. నిజాం జమానా. ఇబ్రహీంపట్నం బజారులో నాది ఫ్రేములు కట్టే దుకాణం. నాకు పేరు తెచ్చింది మాత్రం పాత అద్దం బొమ్మల రిపేరు. ఈ బొమ్మలను అద్దానికి వెనకవైపున వేస్తారు, అదీ తలకిందుల వరసలో. కళ్లు, బొట్టు, నగలు ముందు. వాటి మీద ముఖం రంగు, ఆ తర్వాత బట్టలు, అన్నిటికన్నా చివర వెనకాల కనిపించే గోడ. ముందుకు తిప్పి చూస్తే మొదట వేసిందే పైన ఉంటుంది.

ఆ వానాకాలం ఒక పటేలు తన వదినెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె భర్త పోయి ఏడాది దాటింది. ముప్పై ఏళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో వేయించుకున్న దంపతుల బొమ్మ తెచ్చింది. చెమ్మకు రంగు పెచ్చులు లేచి, భర్త చెంప రాలిపోయేలా ఉంది. ఆయన రూపు ఇంకెక్కడా లేదు.

"ఈయన మొఖం నిలబెట్టు తమ్మీ, గంతే చాలు," అందామె.

"పనిల పని, గా బొట్టు గూడ తీసెయ్," అన్నాడు పటేలు. "వచ్చిపోయేటోళ్లు చూస్తున్నరు. మొగుడు పోయినదానికి బొట్టేంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. నుదుటి మీద చెరిపింది చాలలేదు కాబోలు, అద్దంలో కూడా చెరపాలట. ఆమె తల దించుకుంది.

"బొట్టు ముందు పడ్డది పటేలా. దాని మీద మొఖం ఉన్నది. బొట్టు తియ్యాలంటే మొఖమంత గీకాలె. పక్కపొంటి మీ అన్న మొఖం గూడ దక్కదు," అన్నాను.

పటేలు కాసేపు గొణిగాడు. "అయితే ఉండనీ తియ్," అన్నాడు.

పలచటి బంకను సన్న కుంచెతో పెచ్చుల కిందికి ఎక్కించి, ఒక్కొక్కటే అతికించడానికి నాలుగు రోజులు పట్టింది. బొమ్మ కోసం ఆమె ఒక్కతే వచ్చింది.

"నిజంగనే బొట్టు తీసుడు రాదా తమ్మీ?"

"వస్తదక్కా. సూదితోని గంత మేర గీకి, మొఖం రంగు నింపితే అయిపోతది."

ఆమె కళ్లనిండా నీళ్లు. "మా మరిదికి చెప్పకు," అని బొమ్మను కొంగులో చుట్టుకుని వెళ్లింది.

ఆ రోజు "నేను చెయ్యను" అనాల్సింది. పటేలుకు జడిసి, కుదరదని బొంకాను. ఆయన మీది కోపం ఎప్పుడో చల్లారింది, నా మీది కోపం చల్లారలేదు. చేతనైన పనిని చెయ్యనని చెప్పడం కూడా పనివాడు నేర్చుకోవాలని అప్పుడే తెలిసింది. తర్వాతి ఏళ్లలో ఇదే పని కోసం మరో ఇద్దరు వచ్చారు. వాళ్లకు రంగుల వరస వివరించలేదు. బొమ్మ చేతికిచ్చి, వాకిలి చూపించాను.