మూడు తరాల కారు, ఒకటే ఘాటు

కారు కొనేముందు జనం మైలేజీ చూస్తారు, టైర్లు చూస్తారు, డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయో చూస్తారు. మా ఇంట్లో మాత్రం మా అమ్మని లోపల కూర్చోబెట్టి, తలుపులన్నీ వేసి, దగ్గుతుందా లేదా అని చూస్తాం. మీకు నవ్వులాటగా ఉండొచ్చు గానీ పదకొండేళ్ళుగా మా పరీక్ష అదే. ఒకటే కంపెనీ, ఒకటే చిన్న ఎస్‌యూవీ, మూడు తరాల మోడళ్ళు. పేరు చెప్పను. వాళ్ళ మీద ఇప్పటికే చాలా నిందలు వేశాం పాపం.

మా అమ్మకి ఉబ్బసం. నలభై ఏళ్ళు నాన్నతో పాటు మిర్చి చేలో కాయ కోసింది, కల్లంలో ఎండబోసింది, కూర్చుని ఏరింది. చివరికి ఊపిరితిత్తులు ఇంక మావల్ల కాదని చేతులెత్తేశాయి. గుంటూరు డాక్టరు గారు ఖరాఖండిగా చెప్పేశారు. కోతలు మొదలైన దగ్గర్నుంచి కల్లాలు ఎత్తేదాకా ఈవిడ ఊళ్ళో ఉండడానికి వీల్లేదన్నారు. అందుకని ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా అమ్మ మంగళగిరిలో మా ఇంట్లో ఉంటుంది. నాన్న పర్చూరు వైపు మా ఊరి బయట, కల్లం పక్కన వేసుకున్న పాకలో ఉంటాడు. తిండీ, నిద్రా అక్కడే. కాయ వదిలి ఎక్కడికీ రాడు.

ఇద్దరూ కలిసేది ఆదివారమే. నేను అమ్మని కారులో ఊరి చర్చికి తీసుకెళ్తాను. ఊరికి నాలుగు కిలోమీటర్ల ముందు, కల్లాలు మొదలయ్యే మలుపులో నాన్న తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉంటాడు. ఎక్కి వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చుంటాడు. చర్చిలో మా వైపు మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఆరాధన అయ్యాక అక్కడే భోజనం, మళ్ళీ కారెక్కి ఆ మలుపులో దిగిపోతాడు. నాలుగు నెలల పాటు మా అమ్మానాన్నల కాపురం మొత్తం వారానికి ఎనిమిది కిలోమీటర్లు.

ఖర్మ ఏమిటంటే, ఆ ఎనిమిది కిలోమీటర్లలోనే అమ్మకి దగ్గు ఎత్తుకునేది.

మొదటి తరం కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. స్టెప్నీ వెనక తలుపుకి వేలాడుతూ ఉండేది. సీట్లు బల్లల్లా ఉండేవి. ఏసీ గాలి ముందు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయేది. మా ఆయనకి కార్లంటే పిచ్చి. ఫోన్లో ఎవరెవరో కార్ల గురించి చెప్పే వీడియోలన్నీ చూసి, ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి మార్కులు వేస్తాడు. ఆ కారుకి ఆయన పదికి ఆరు వేశాడు. నాన్న మాత్రం పదికి పది వేశాడు. వెనక సీటు మడిస్తే నాలుగు టిక్కీలు పడుతున్నాయట. టిక్కీ అంటే మిర్చి కుక్కి కుట్టిన గోతం. కారు వారం రోజులు ఊళ్ళో వదిలితే చాలు, మా నాన్న దాన్ని ట్రాక్టరు కింద లెక్కేసి తోలాడు.

ఇంకేముంది, ఆ కారులో కూర్చుంటే పచ్చడి జాడీలో కూర్చున్నట్టే. టోల్ గేటు దగ్గర అద్దం దించితే లోపలివాళ్ళం మామూలుగానే ఉండేవాళ్ళం, చెయ్యి చాపిన అబ్బాయి తుమ్మేవాడు. అమ్మ ఒక ఆదివారం మలుపు దగ్గర్నుంచి చర్చి దాకా ఆపకుండా దగ్గి, మెట్ల మీద కూలబడింది. నేను నాన్న మీద ఒంటికాలి మీద లేచాను. "బుద్ధుందా నాన్నా నీకు, అమ్మ ఎక్కే కారులో కాయ వేస్తావా" అని చర్చి ముందే అరిచాను. ఆయనకి తప్పు తనదే అని తెలుసు. ఆ కారు అమ్మడానికి ఏడు నెలలు పట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు బాగానే చూసేవాళ్ళు, తలుపు తీసి కూర్చునేవాళ్ళు, కళ్ళు తుడుచుకుంటూ దిగి ఫోన్ చేస్తామని వెళ్ళిపోయేవాళ్ళు.

రెండో తరం కొత్తదే కొన్నాం. వెనక్కి కూడా ఏసీ, మెత్తటి సీట్లు, డిక్కీకి చక్కటి మూత. మా ఆయన ఎనిమిది వేశాడు. నాన్న బైబిల్ మీద చెయ్యి పెట్టి, ఈ కారులో ఒక్క కాయ కూడా వెయ్యనని ప్రమాణం చేశాడు. మాలో కొత్త బండి వస్తే పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకుంటాం. ఎండగా ఉందని ఆయన కారులోనే కూర్చుని చేస్తానన్నారు. పక్కన నాన్న కూర్చున్నాడు. తలుపులు వేశాం, అద్దాలు ఎక్కించాం, నలుగురం బయట తలలు వంచి నిలబడ్డాం. "ప్రభువా, ఈ వాహనాన్ని" అన్నారు, తుమ్మారు. బయట మేం ఆమెన్ అన్నాం. "ఇందులో ప్రయాణించే నీ బిడ్డలని" అన్నారు, మళ్ళీ తుమ్మారు. మళ్ళీ ఆమెన్. మూడోసారి ఏం కోరారో దేవుడికే వినపడాలి. పాస్టరు గారు ఎర్రటి ముక్కుతో దిగి, బండి చాలా బాగుందమ్మా అన్నారు.

తెల్లారి కొన్న కారు, పొద్దెక్కేసరికి ఘాటు. మా ఆయన తల పట్టుకున్నాడు. ఆలోచించి ఆలోచించి, షోరూం వాళ్ళు కారుని మిర్చి గోదాం పక్కన నిలబెట్టి ఉంటారు, సీట్ల స్పాంజీ పీల్చేసుకుంది అని తేల్చాడు. సర్వీసు వాళ్ళని రప్పించాడు. వచ్చిన మనిషి వాసన చూసి, "సార్, గుంటూరు జిల్లాలో ఏ కారైనా ఇంతే కదండీ" అని ఫిల్టరు మార్చి వెళ్ళిపోయాడు. తర్వాత మా ఆయన సీట్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. కాఫీ పొడి మూటలు కట్టాడు. బొగ్గులు పెట్టాడు. దాంతో కారు నిమ్మకాయ పిండిన కాఫీలో మిరపకాయ కాల్చిన వాసన వేసేది. ఒకరోజు ఘాటు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెడతానని డిక్కీలో పడుకుని నన్ను మూత వెయ్యమన్నాడు. నేను వేసేసి పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళాను. ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చి, మీ కారులో ఎవరో కొడుతున్నారండీ అంది.

ఇంత చేసినా ఆదివారం మలుపు దాటగానే అమ్మకి దగ్గు మొదలయ్యేది. కల్లాలు మొదలయ్యేదీ అక్కడే, నాన్న ఎక్కేదీ అక్కడే. రోడ్డుకి రెండు వైపులా ఎర్రగా పరిచి ఉంటే, దాని ఘాటే లోపలికొస్తోందని అనుకున్నాం. కొన్నాళ్ళకి నాకు నాన్న మీద అనుమానం వచ్చింది. దొంగతనంగా మళ్ళీ టిక్కీలు వేస్తున్నాడేమోనని. డిక్కీ తెరిచి టార్చి వేసి వెతికితే మూల ఒక మిరపగింజ దొరికింది. నాన్న అరచేతిలో పెట్టి, "ఇదెక్కడిది" అని పోలీసులా అడిగాను. ఆయన దాన్ని తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి, పంటితో కొరికి, "ఇది మన రకం కాదమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒట్టు, నేను వెయ్యలేదు" అంటున్నా వినకుండా నానా మాటలూ అన్నాను. ప్రమాణం చేసి తప్పిన మనిషివి, చర్చికెలా వస్తున్నావన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది. ఎందుకంటే ఆయన నిజంగానే వెయ్యలేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో అమ్మకి కారులోనే ఆయాసం వచ్చి పెదాలు నల్లబడ్డాయి. చర్చి మానేసి తిన్నగా గుంటూరు తోలాను. డాక్టరు గారు కళ్ళజోడు తీసి, "ఇంకోసారి ఇలా జరిగిందంటే ఆదివారాలు కూడా లేవమ్మా, కల్లాలు ఎత్తేదాకా ఊరి మొహం చూడొద్దు" అన్నారు. అమ్మ ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మా ఆయన నోటుపుస్తకం తీశాడు. అదే కారు మూడో తరం వచ్చింది, అందులో గాలిని శుభ్రం చేసే మిషన్ ఉంది, లోపల గాలి ఎలా ఉందో తెర మీద అంకె వేసి చూపిస్తుంది అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక శనివారం అందరం గుంటూరులో షోరూంకి వెళ్ళాం. నడిపి చూసి, నచ్చితే మాట ఖాయం చేసుకుని, అటునుంచి అటే మా పాత కారులో వెళ్ళి, రాత్రికి పర్చూరులో ఆగి, ఆదివారం ఊళ్ళో చర్చి చూసుకుని రావాలని అనుకున్నాం. నాన్న ఆ ఒక్కపూటకి కాయని పక్క కల్లం వాళ్ళకి అప్పజెప్పి, పొద్దున్నే బస్సులో వస్తానన్నాడు. మూడో తరం కారు పైకప్పుకి అద్దం, ముందు పళ్ళెమంత తెర, తలుపు వేస్తే మెత్తటి చప్పుడు. అమ్మా, నేనూ, మా ఆయనా ఎక్కాం. అమ్ముడుపోయేదాకా చిరునవ్వు తియ్యని షోరూం కుర్రాడొకడు డ్రైవరు పక్కన కూర్చుని మీట నొక్కాడు. తెర మీద అంకె దిగుతూ వచ్చి పధ్నాలుగు దగ్గర నిలబడింది. పచ్చగా ఉంది. "ఎంత తక్కువుంటే అంత మంచి గాలండీ, హాస్పిటల్లో కూడా ఇంత ఉండదు" అన్నాడు. అమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. మా ఆయన పుస్తకంలో పది వేశాడు.

అప్పుడే నాన్న వచ్చాడు. తెల్ల చొక్కా, తడిపి దువ్విన తల. తలుపు తీసుకుని అమ్మ పక్కన కూర్చుని తలుపు వేశాడు. అంకె నలభై అయింది. తొంభై అయింది. నూట డెబ్భై దగ్గర తెర ఎర్రబడి టింగుమని మోగింది.

"సార్, ఒక్కసారి దిగుతారా" అన్నాడు కుర్రాడు. నాన్న దిగాడు. అంకె మెల్లగా పచ్చబడింది. ఎక్కాడు, ఎర్రబడింది. ఆ కుర్రాడికి వాళ్ళ మిషన్ ఎంత బాగా పనిచేస్తుందో అన్న ఆనందం తప్ప ఇంకేం తెలియడం లేదు. "చూశారా మేడమ్, ఎంత కచ్చితమో" అని నాన్నని మూడుసార్లు ఎక్కించి దింపాడు. మిగతా సేల్స్ వాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. నాన్న షోరూం కుళాయి దగ్గర మొహం, మెడ, చేతులు సబ్బుతో కడుక్కొచ్చాడు. నూట నలభై. చొక్కా విప్పి బనీనుతో ఎక్కాడు. నూట ముప్ఫై. ఎవరో కంపెనీ బొమ్మ ఉన్న టీషర్టు, టోపీ తెచ్చిచ్చారు. మా నాన్న, డెబ్భై ఏళ్ళ మిర్చి రైతు, పండక్కి ముస్తాబైన సేల్స్‌మాన్ లాగా ఆ కారులో బిక్కచచ్చి కూర్చున్నాడు. నూట పది. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది.

నాకప్పుడు అర్థమైంది. ఆ తెల్ల చొక్కా నాలుగు నెలలూ పాకలో టిక్కీల మీద దండెం కట్టి ఆరేసింది. ఆయన జుట్టులో, గోళ్ళలో, ఒంటి మీది ప్రతి ముడతలో కాయే. పదకొండేళ్ళుగా కార్లని తిట్టాం, నిమ్మకాయలని నమ్మాం. ఆయన్నేమో అబద్ధాలకోరు అన్నాను.

నాన్న టోపీ తీసి ఆ కుర్రాడి చేతికిచ్చి, తన చొక్కా తను వేసుకున్నాడు. మా దగ్గర కాయ ఏరేటప్పుడు రంగు పోయినవాటిని తాలు అని పక్కన పడేస్తారు. "తాలు నేనేనమ్మా, బండిలో ఏం లేదు" అన్నాడు నాతో. "ఇది తీసుకోండి, బాగుంది. ఆదివారాలు మీరు కారులో రండి. నేను సైకిలు మీద వస్తా. చర్చిలో అటుపక్క నుంచి చూస్తాగా మీ అమ్మని."

నవ్వుతూనే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన నోటుపుస్తకం మూసేశాడు. నాన్న మా వైపు చూడకుండా బయటికి నడిచి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడ్డాడు.

అమ్మ కారు దిగింది. చెప్పులు సరిచేసుకుంది. "ఎక్కడికమ్మా" అని నేను అడుగుతుండగానే, లారీలని చెయ్యెత్తి ఆపుతూ రోడ్డు దాటి వెళ్ళి, ఆయన పక్కన నిలబడింది. నాన్న ఏదో అంటున్నాడు, వెళ్ళమని చేతులు ఊపుతున్నాడు. ఆవిడ బస్సు వచ్చే వైపు చూస్తోంది. పర్చూరు పల్లెవెలుగు వచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కేశారు.

నేనూ మా ఆయనా పాత కారు తీసి బస్సు వెనక పడ్డాం. ఆయాసం వస్తే అమ్మ నోట్లో కొట్టుకునే పంపు నా ఒళ్ళోనే ఉంది. బస్సు ఆగిన ప్రతిచోటా నేను దిగి పరుగెత్తడం, కిటికీ కింద నిలబడి "అమ్మా, దిగు, కారెక్కు" అని బతిమాలడం, కండక్టరు రైట్ రైట్ అనడం. చిలకలూరిపేటలో బస్సులో సగం మంది నాకు సాయంగా "దిగవమ్మా, పిల్ల ఏడుస్తోంది" అన్నారు. అమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి పంపు మాత్రం తీసుకుంది.

మలుపులో దిగారు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం చెమటపట్టి ఉంది. నాన్న ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. నేను కోపం, భయం కలిసిపోయి ఊగిపోతున్నాను.

"గంటన్నర. బస్సులో దగ్గు రాలేదా నీకు?" అన్నాను.

"వచ్చింది" అంది అమ్మ. "వస్తే మీ నాన్న పక్కనే ఉన్నాడుగా."