కామారెడ్డిలో చెవుల పరీక్ష

మా తమ్ముడికి చెవులు వినబడవన్న సంగతి ఎల్లారెడ్డిలో ఎవరికీ తెలియదు. వాడి పక్కన పిడుగు పడితే ఆ పిడుగే సిగ్గుపడి లేచి వెళ్ళిపోవాలి తప్ప, వాడు రెప్ప కూడా ఆర్పేవాడు కాదు. అయినా తెలియదు. మూడేళ్ళప్పుడు జ్వరంలో వాడికి వినికిడి పోయింది. అప్పటికి నేర్చుకున్న నాలుగు ముద్దమాటలతోనే వాడు బతుకు నెట్టుకొస్తుంటే, "మావోనికి మాటలు నిదానంగ వస్తయి" అని మా అవ్వ, అంటే మా అమ్మ, అందరికీ చెప్పేది.

ఎందుకు దాచిందంటే, మా వాడకట్టులో మనిషికి ఏ లోపముంటే అదే పేరు. కుంటాయన, మెల్లకన్నామె, నత్తోడు. ఓట్ల లిస్టు రాసేవాళ్ళు అసలు పేర్ల కోసం ముసలివాళ్ళ గడ్డాలు పట్టుకుని బతిమాలేవారు. తన కొడుకును 'చెవిటోడు' అని పిలవనివ్వకూడదని అవ్వ పంతం.

బాపు, మా నాన్న, దుబాయిలో ఉండేవాడు. అవ్వ గడప దగ్గర బీడీలు చుట్టేది. తమ్ముణ్ణి ఎప్పుడూ తనకు ఎదురుగా కూర్చోబెట్టుకునేది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే అవ్వ కనుబొమ్మలు లేచేవి, వాడు గిరుక్కున తిరిగి నవ్వేవాడు. కుడివైపు పిలుపుకు కుడి బొమ్మ, ఎడమవైపుకు ఎడమ బొమ్మ. ఆమెను హైదరాబాదు చౌరస్తాలో నిలబెడితే ట్రాఫిక్ పోలీసులందరూ ఇళ్ళకు పోయి పడుకునేవారు.

బడికి మాత్రం ఆ కనుబొమ్మలు వెళ్ళలేవు కదా. తమ్ముడు ఒకటో తరగతిలో కాపురం పెట్టేశాడు. సంగతి కనిపెట్టిన సారు ఒకరోజు మా ఇంటికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, నాకు తెల్సింది. ఎవ్వలకు చెప్ప. ఇసొంటి పిల్లల చదువుకు గవర్నమెంటు పైసలిస్తున్నది. పట్నంల బడి, హాస్టలు, చెవికి మిషను, అన్ని సర్కారు ఖర్చే. కామారెడ్డికి డాక్టర్లొస్తుండ్రు. వినబడదని సర్టిఫికెట్ రాసిస్తే సీటొస్తది."

"ఊరందరికి ఎరుకయితది గద సారు?"

"చదువొస్తదక్కా."

ఆ రోజు అవ్వ చుట్టిన బీడీలన్నీ వంకర పోయాయి. కార్ఖానా సేటు వాటిని చూసి, "ఏందమ్మా, జిలేబీలు చుట్టినవా?" అని వాపసు చేశాడు.

బయల్దేరే ముందు అవ్వ తమ్ముడికి పలక చూపించి, దూరంగా చెయ్యి చాపి, కొత్త బడి అని సైగ చేసింది. కామారెడ్డి బస్సులో మాతోపాటు సగం తాలూకా ఎక్కింది. టాపు మీద మేకలు దర్జాగా కూర్చుంటే, లోపల మేము మేకల్లా నలిగాం. క్యాంపు ఒక బడి ఆవరణలో. వరుస తోక నిజాంసాగర్ నీళ్ళలో తడుస్తోందేమో అనిపించింది. అందులో మా ఊరివాళ్ళూ ఉన్నారు. అవ్వ కొంగు నెత్తి మీంచి చెంపల మీదికి లాక్కుంది.

మా వంతు వచ్చింది. తమ్ముణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టారు. అవ్వను ఎదురుగా నిలబెట్టారు. డాక్టరు వాడి వెనక్కి వెళ్ళి స్టీలు గ్లాసు మీద చెంచాతో టంగున కొట్టాడు.

అవ్వ కనుబొమ్మలు లేచాయి.

తమ్ముడు వెనక్కి తిరిగి, ఉన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"అమ్మా, వీడి చెవులు నీకంటే బాగున్నాయి. ఫ్రీ మిషను అనేసరికి అందరూ చెవిటోళ్ళే!" అని డాక్టరు వాడి వీపు తట్టి, కాగితం మీద ఏదో గీకాడు. వరుసలో జనం నవ్వారు.

అవ్వ కొంగు జారిపోయింది. "గాదు సారూ! నా కొడుకుకు చెవులు వినబడవు!" అని అరిచింది. ఇన్నేళ్ళూ గొంతులోనే దాచిన ఆ మాట కామారెడ్డి దాటి, రైలు పట్టాల మీదుగా నిజామాబాదు దాకా పోయి ఉంటుంది. "నేనే సైగ జేసిన సారూ, అలవాటయింది. మల్లొక్కసారి కొట్టుండ్రి. నేను కండ్లు మూసుకుంట."

రెండు చేతులతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఎంతమంది ఉన్నారో చూశావా? తర్వాత ఎవరు?" అన్నాడు డాక్టరు. తమ్ముణ్ణి దింపి ఇంకో పిల్లను స్టూలు ఎక్కించారు. అవ్వ అలాగే నిలబడి ఉంది. నేను వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"కొట్టిండా?" అని కొంగులోంచే అడిగింది.

"పోదాం పా, అవ్వా."

తిరుగు బస్సులో మా ఊరివాళ్ళు మాకు సీటు ఇచ్చారు. అంతకుముందు ఎవరూ ఇచ్చింది లేదు. తమ్ముడు మాత్రం ఊరేగింపులో పెండ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. డాక్టరు వీపు తట్టాడు, కాగితం మీద రాశాడు, అందరూ నవ్వారు. ఇంకేముంది, పాసయ్యాడు! అవ్వ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "బలి... ఎపులు?" అన్నాడు. పట్నం బడి ఎప్పుడని.

అన్నానికి, నీళ్ళకు, బాపుకు, దుబాయికి కూడా అవ్వ దగ్గర సైగలున్నాయి. దీనికి లేదు. చేతులు గాలిలో కొంతసేపు వెతికి, ఒడిలో పడిపోయాయి. చివరికి, "రేపు" అని పెదవులు కదిలించింది.

మర్నాడు పొద్దున్నే వాడు తలకు నూనె పెట్టుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని, గడపలో కూర్చున్నాడు. అవ్వ బీడీల గంప ఎత్తుకుని, వాడికి ఎదురుపడకుండా వెనక దారిన కార్ఖానాకు వెళ్ళింది.