అద్దంలో ఎక్కిన గీత

మా వీధి సెలూన్ ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి, నేనూ అలాగే పిలుస్తాను. కత్తి చెంప మీద పెట్టాడంటే పని పూర్తయ్యేదాకా పక్కకు తిరగడు, ఫోన్ ముట్టడు. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతట. ఒకసారి వీధిలో రెండు బళ్ళు గుద్దుకుంటే షాపంతా బయటికి పరిగెత్తింది. ఈయన మాత్రం నా గడ్డం వదల్లేదు.

కిందటేడు గది యజమాని వచ్చాడు. "అమ్మేస్తున్నా. నెలాఖరులోగా కొంటే నీకే, లేదంటే ఖాళీ చెయ్యి" అన్నాడు. తండ్రీ కొడుకులు నలభై ఏళ్ళు నిలబడి పనిచేసిన గది అది. బాబాయ్ కూడబెట్టిందంతా, బావమరిది మాట మీద, ఇళ్ళకు అప్పులిచ్చే ఒక కంపెనీ షేర్లలో ఉంది. అమ్మితే గది వస్తుంది, రిజిస్ట్రేషన్ ఖర్చులకే కాస్త తక్కువ. దేశానికంతటికీ వడ్డీ నిర్ణయించే పెద్ద బ్యాంకు ఈసారి వడ్డీ తగ్గిస్తుందని పేపర్లు ఊదరగొడుతున్నాయి. తగ్గిస్తే ఇంటి అప్పులు తీసుకునేవాళ్ళు పెరుగుతారు, ఆ కంపెనీ షేరూ పెరుగుతుంది.

"రెండు రోజులు ఆగు బావా. తేడా వస్తే నేను ఫోన్ చేస్తాగా, వెంటనే అమ్మేద్దువుగాని" అన్నాడట బావమరిది.

ప్రకటన వచ్చే రోజు పొద్దున్నే నేను వెళ్ళి కూర్చున్నాను. పెన్షన్ ఆఫీసులో ఫొటో దిగాలి. "త్వరగా కానివ్వు" అని తొందరపెట్టాను. వెనక గోడకున్న టీవీలో ఎప్పుడూ పాత పాటలే వచ్చేవి. ఆ రోజు మొదటిసారి మార్కెట్ చానల్ పెట్టాడు. ఆ అరుపులు భరించలేక, "దాని నోరు మూయించు బాబాయ్" అన్నాను. పాపం, మూయించాడు. నేను కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

సగం గడ్డం అయ్యేసరికి ఆయన అద్దంలోకి చూసి, "మాస్టారూ, వచ్చేసింది! మా కంపెనీదే. గీత ఎలా ఎక్కుతోందో చూడండి!" అన్నాడు.

నాకు అంతా మసక. ఆ టీవీలో ఎరుపుకీ పచ్చకీ తేడా పోయి ఏళ్ళయింది. "నీ పంట పండింది పో" అన్నాను.

అరమీద ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

"మా బావమరిదే. సంబరం పట్టలేకపోతున్నాడు. ఈ చెంప కానివ్వండి."

తీరిగ్గా చెంప పూర్తిచేసి, పటిక రాసి, తువ్వాలుతో అద్ది, అప్పుడు వెనక్కి తిరిగాడు. గీత దిగుతోంది. అద్దంలో కుడి ఎడమైంది, అంతే. వడ్డీ తగ్గించలేదు, పెంచారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు గ్రాఫులు నేర్పిన లెక్కల మాస్టార్ని నేను, కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఫోన్లో బావమరిది అరుపు నాకూ వినిపించింది. "ఏమైపోయావ్ బావా? ఇప్పుడు కొనే నాథుడు లేడు!"

బాబాయ్ ఫోన్ పెట్టేసి నన్నడిగాడు. "ఎంత పెంచారు మాస్టారూ?"

కళ్ళజోడు పెట్టుకుని టీవీలో చదివాను. "పావు శాతం."

"పావే కదా" అన్నాడు. కత్తి కడిగి అరమీద పెట్టి, "పావుకే ఇంతా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. షేరు మళ్ళీ లేస్తుందని నెలాఖరుదాకా ఎదురుచూశాడు. లేవలేదు.

ఇప్పుడా గదిలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బాబాయ్ బజారులో వేరేవాళ్ళ సెలూన్లో రెండో కుర్చీ దగ్గర జీతానికి చేస్తున్నాడు. నేను అక్కడికే వెళ్తాను. మొన్న నురగ పూసి కత్తి తీశాక ఉండబట్టలేక అనేశాను.

"ఆ రోజు టీవీ నోరు మూయించింది నేనే బాబాయ్."

ఆయన నా గడ్డం పట్టుకుని మొహం పక్కకు తిప్పాడు.

"కదలకండి మాస్టారూ" అన్నాడు.