పచ్చజొన్నది ఏ ఊరు?

ముందుగా రూఢిగా తెలిసినవి చెబుతాను. నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, యాసంగి జొన్న కోతలు ముగిసిన రోజుల్లో, పటాన్‌చెరు దగ్గరి ఒక విత్తన పరిశోధన కేంద్రంలో నేను నిర్ధారణ విభాగానికి అధిపతిని. కొండాపూర్ మండలంలోని ఒక తండాలో లంబాడీ రైతులు ఒక పచ్చజొన్నను సాగుచేస్తున్నారు. దానిని పోలిన రకాన్ని మా కేంద్రం చాలాకాలం కిందట అదే మండలంలో చిన్న సంచుల్లో ఉచితంగా పంచింది. ఇక వినికిడి: అక్కడి రైతు సోమ్లీబాయి అత్తింటి ముత్తవ్వ తండాకు కాపురానికి వస్తూ ఆ జొన్నను కొంగున ముడివేసుకొని తెచ్చిందని తండా అంటుంది. మేము పంచిన సంచే అక్కడ మారుపేరుతో తిరుగుతోందని మా క్యాంటీన్ అంటుంది. రెంటికీ సాక్ష్యం లేదు. చెప్పేవారి గొంతులో మాత్రం సందేహమూ లేదు.

నిర్ధారణ విభాగం పని సులభం. శాస్త్రవేత్తలు రాసిన ప్రతి వాక్యం పక్కన ‘ఆధారం?’ అని రాయడం. సహోద్యోగులు నన్ను టీకి పిలవడం తగ్గించడానికి ఈ ఒక్క మాటే కారణమని నా అనుమానం. దానికీ ఆధారం లేదు.

కొత్త రకాలను రూపొందించే విభాగంలో శాస్త్రవేత్త అయిన డాక్టర్ సునీత ఆ జొన్నను ‘రైతుల రకం’గా, అంటే రైతులే ఎంచుకుంటూ కాపాడుకొచ్చినదిగా, తండా పేరుతో నమోదు చేయించేందుకు దరఖాస్తు సిద్ధం చేసింది. నా సంతకం లేనిదే అది కదలదు. కదలకపోతే ఆ జొన్న మా పాత రకంగా, మా కేంద్రం పేరు కిందే ఉండిపోతుంది. సోమ్లీబాయి మొదటి రోజే తేల్చి చెప్పింది: “పైసలు గిట్ల అడుగుతలేను సారూ. మా తండా పేరుండాలె. గంతే.”

డీఎన్‌ఏ పోలిక మాకు సాయపడలేదు. రెండూ దగ్గరివే, కాని ఒకటే కాదు. ఒకే విత్తనం ఏళ్ళ తరబడి మారిందో, రెండు వేరు జొన్నలు పక్కపక్క చేలలో పుప్పొడి కలుపుకొని చుట్టాలయ్యాయో ఫలితం చెప్పలేదు. మిగిలింది తండా మహిళల వాదన: తమ జొన్న రొట్టె మర్నాటికీ మెత్తగా ఉంటుంది, కేంద్రం జొన్న రొట్టె బిరుసెక్కుతుంది. పరీక్షకు లొంగే వాదన కనుక అది నాకు నచ్చింది.

ముక్కోణ పరీక్ష అనే పద్ధతి ఉంది. ఒక్కొక్కరి ముందు మూడు నమూనాలు పెడతారు. రెండు ఒకే రకం, ఒకటి వేరు. వేరైనదాన్ని పట్టుకోవాలి. పళ్ళాలకు అంకెలే తప్ప పేర్లుండవు. పిండి తూకం, నీటి కొలత, పెనం వేడి అన్నీ రాసి పెట్టాం. పని తొందరగా అవుతుందని తండా పిండిని సోమ్లీబాయి, కేంద్రం పిండిని ఆమె తోటికోడలు బుజ్జి కాల్చారు. మర్నాడు రుచి చూడడానికి వచ్చిన తండా మహిళలందరూ ఒక్కరూ తప్పకుండా సరిగ్గా చెప్పారు. సునీత ముఖం వెలిగింది. నాకు అనుమానం వచ్చింది; అందరూ సరిగ్గా చెప్పే పరీక్షను నేను నమ్మను. పైగా కొందరు రొట్టె తుంచనైనా లేదు.

ఎలా తెలిసిందని మొదట కూర్చున్న పెద్దావిడను అడిగాను.

“తినుడు దేనికి సారూ? ఇది సోమ్లి చేసింది. అంచు సూడుండ్రి, మందంగుంటది. ఈ రెండు బుజ్జియి.”

“నా అంచుకేమైందే?” అని సోమ్లీబాయి లేచింది. “బుజ్జిది రొట్టెనా, అప్పడమా?”

“అప్పడమైనా తింటరక్కా. నీది నమలాల్నంటే పండ్లు గావాలె,” అంది బుజ్జి.

మేము నీళ్ళు కొలిచాం, వేడి కొలిచాం. చేతులు ఎన్ని అన్నది మాత్రం రాసుకోలేదు. ఆ ఫలితాన్ని రద్దుచేశాను.

రెండోసారి రెండు పిండ్లనూ లక్డారం నుంచి వచ్చే మా క్యాంటీన్ వంటమనిషి యాదమ్మకు ఇచ్చాం. ఏది ఏదో ఆమెకూ చెప్పలేదు. మర్నాడు పళ్ళాలు చూడగానే తండా మహిళలు నవ్వారు: “ఇవి రొట్టెలా, కార్ఖానల రేకులా?” యాదమ్మ తగ్గలేదు. “నా రొట్టె తిన్నోళ్ళే ఇంత పెద్ద సెంటర్ నడుపుతున్నరు. మూసుకొని తినుండ్రి.”

ఈసారి అందరూ తుంచారు, నమిలారు, ఆలోచించారు. ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. ఊహతో చెబితే అంతమందికి తగలదు. తప్పిన కొద్దిమందిలో సోమ్లీబాయి ఒకరు. “ఆ యాదమ్మ చేతుల పడ్డంక ఏ జొన్నయితేంది, అట్టముక్కనే,” అని ఆమె వివరణ. దానిని నేను నమోదు చేయలేదు.

తేడా ఉందని ఒప్పుకున్నాను. కాని దరఖాస్తులోని ‘అనాదిగా ఈ తండాకు చెందిన’ అనే మాట కింద గీత గీశాను. ఆ విత్తనం మా సంచి నుంచి రాలేదనడానికి ఆధారం లేదని సోమ్లీబాయికి చెప్పాను.

“సారూ, మీదే ఊరు?” అని అడిగింది.

పటాన్‌చెరు అన్నాను.

“మీ నాయనది?”

కృష్ణా జిల్లా అనీ, ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడనీ చెప్పాను. సునీత హఠాత్తుగా ఫైలు తిరగేయడం మొదలుపెట్టింది.

“మరి మీరు పటాన్‌చెరోళ్ళు ఎట్లయిండ్రు?”

ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను అన్నాను.

“మా జొన్న గూడ గంతే గద. ఈడ మొలిసింది, ఈడ ఎండింది, మల్ల ఈడనే మొలిసింది. ఏడికెల్లి వచ్చిందో అడుగుతనే ఉన్నరు. ఎవరు సాకిండ్రో గది గూడ రాయుండ్రి.”

పోలిక ఆధారం కాదు; ఆమె మాటను నేను ఆధారంగా తీసుకోలేదు. అయితే ఎవరు సాకారన్న దానికి ఆధారం అప్పటికే ఫైలులో ఉంది. కోతకు ముందు తండా మహిళలు చేలో తిరిగి విత్తనపు కంకులు ఏరడం సునీత వరుసగా కొన్ని యాసంగులు చూసి రాసింది. ‘అనాదిగా’ కొట్టేసి, ‘ఈ తండా మహిళలు ఏటా కంకులు ఎంచి నిలబెట్టిన, రొట్టె గుణంలో కేంద్రం రకానికి భిన్నమైన పచ్చజొన్న’ అని రాశాను. పేరు గడిలో తండా పేరే ఉంచి సంతకం చేశాను.

సునీత చదివి వినిపించింది. సోమ్లీబాయి పేరు దగ్గర తల ఊపి, చివర అడిగింది: “మరి మా ముత్తవ్వ ముచ్చట?”

ఆనాటి విత్తనం ఒక్క గింజ చూపిస్తే చేరుస్తానన్నాను.

“ఏడుంటది సారూ? కరువుల ఉన్నదంత రొట్టెలు జేసుకొని తిన్నరు. మేం మల్ల ఇత్తనం తెచ్చుకున్నం. ఎవరి దగ్గర్నో, ఏందో.”

ఆ ఉదంతం నాకు నేర్పినవి రెండు. పరీక్షలో అందరూ నెగ్గితే ముందు పరీక్షనే పరీక్షించాలి. విత్తనం ఎక్కడ పుట్టింది, ఎవరు పెంచారు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి ఆధారం లేదని రెండోదాన్ని కొట్టేయకూడదు.

కరువు తర్వాత తండాకు తిరిగొచ్చిన విత్తనం ముత్తవ్వదా, మా సంచిదా అన్న ప్రశ్నకు నేటికీ జవాబు లేదు. పోల్చడానికి కావలసిన గింజ ఆనాడే రొట్టె అయిపోయింది. ఆ రొట్టె మర్నాటికి మెత్తగా ఉందా అని అడగడమూ దండగే. అది మర్నాటిదాకా మిగిలి ఉంటుందని నేను అనుకోను.