ఆడనివాడి పేరు

నేను చర్ల వెళ్లిన కారణం మంచిది కాదు. సరోజ రాసిన ఆటకు హైదరాబాద్‌లో బహుమతి వచ్చింది. పదేళ్లుగా అలాంటి ఆటలే రాస్తున్న నాకు రాలేదు. నలుగురు చుట్టూ కూర్చుని, తలో పాత్రా తీసుకుని, కథను మాటలతోనే నడిపే ఆటలివి. ఆమె ఆట ఎక్కడ తేలిపోతుందో కళ్లారా చూసి, ఉతికి ఆరేస్తూ ఒక వ్యాసం రాయాలనుకున్నాను.

ఆదివారం ఉదయం ఆరుంబావుకు ఖమ్మంలో బస్సెక్కాను. పక్క సీటాయన పాల్వంచలో షిఫ్టుకు పోతున్నాడు. నా పని చెబితే, "పెద్దోళ్లు గూడ గిట్లాంటియి ఆడుతరా సార్?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తొమ్మిదిన్నరకు భద్రాచలం. ఇడ్లీ తిని చర్ల బస్సు పట్టుకున్నాను. వెళ్లేవాళ్లు వెనక సీట్లలో కూర్చోకండి, నడుం విరుగుతుంది. దారిలో పోలీసులు సంచులు వెతికారు. నా ఇరవై ముఖాల పాచికను ఒకతను అటూ ఇటూ తిప్పి, "ఏంది ఇది?" అని తిరిగిచ్చేశాడు.

పన్నెండుకు చర్ల చేరాను. సరోజ అక్కడ టీచరు. బడి వరండాలో ముగ్గురు ఆడవాళ్లతో ఆట మొదలుపెట్టింది. వాగు పొంగిన రోజు, నొప్పులు పడుతున్న మనిషిని దవాఖానాకు చేర్చాలి. పాచికలకు బదులు ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతగింజలు. నాలుగూ నల్లగా పడితే మనిషి దక్కదు. ఎవరైనా తమ పాత్రకున్నది వదులుకుంటే మళ్లీ వేయొచ్చు.

నాలుగూ నల్లగానే పడ్డాయి.

"నా పోడు చేను ఇడిచిపెడుత. మల్ల ఎయ్యి," అంది ఒకామె.

నేను రాసిన వాటన్నిటికంటే ఇది మంచి ఆట. కడుపు మండినా ఒప్పుకోక తప్పలేదు.

ఆట అయ్యాక సరోజ అచ్చయిన పుస్తకం ఇచ్చింది. చివర కృతజ్ఞతల్లో మొదటి పేరు నాది. నాలుగేళ్ల కిందట ఆమె తన రాతప్రతి పంపి, ఆడి చూసి చెప్పమంది. ఈ ఆటలు రాసేవాళ్లం ఒకరికొకరు చేసుకునే పనే అది. నేను పైపేజీ చూసి, "ఇది ఆట కాదు" అని రాసి తిప్పి పంపాను.

"సరోజ గారూ, నేను మీ ఆట ఆడలేదు. అసలు చదవనే లేదు," అన్నాను.

"తెలుసు సార్. కాయితాలకు దారం కట్టి పంపిన. కట్టినట్టే వచ్చినయ్."

"మరి నా పేరెందుకు?"

"మీ ఆటలు ఆడుకుంటనే నేను రాసుడు నేర్చుకున్న. మీరు నాది ఆడలేదని గది అబద్ధమైతదా? అప్పుడు పంపిన కాయితాల్ల రెండో పేజీల గదే రాసిన."

మూడింటి బస్సులో తిరిగొస్తూ పుస్తకం మొత్తం చదివాను. నా ఆటల వల్ల ఒక్కరికైనా ఏదైనా వచ్చిందన్న మాట కోసం పదేళ్లు బహుమతుల వైపు చూశాను. ఆ మాట నాలుగేళ్ల కిందటే నా ఇంటికి వచ్చింది. నేనే తిప్పి పంపాను.