అతిథులకు చాప, పరీక్షకు బూట్లు

మొన్న ఆదివారం స్కోఫీల్డ్స్‌లో, మా అమ్మాయి ఇంట్లో, అల్లుడు పెరట్లో బార్బీ పొయ్యి వెలిగించి మాంసం ముక్కలు తిరగేస్తూ ఉండగా, మా మనవరాలు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. స్కూలు చదువు అయిపోగానే జర్మనీ వెళ్లి ఫిడేలు చదవాలని దాని కోరిక. అందుకని అక్కడి సంగీత విద్యాలయాల వెబ్‌సైట్లు ఒక్కొక్కటే వెతుకుతూ, ఒకదాని చరిత్ర పేజీ దగ్గర ఆగిపోయిందట. ఆ పేజీలో ఒక నలుపు తెలుపు ఫోటో, అందులో పంచె కట్టుకుని, చాప మీద కూర్చుని ఫిడేలు వాయిస్తున్న బక్కపలచటి కుర్రాడు.

“తాతా, దిస్ ఈజ్ యూ, రైట్? ముక్కు చూసి గుర్తుపట్టా” అంది.

నేనే. పేరు మాత్రం వెయ్యలేదు. భారతీయ విద్యార్థి అని రాసి, తమ విద్యాలయం మొదటినుంచీ ప్రపంచ సంగీతాలన్నిటికీ తలుపులు తెరిచి ఉంచిందని కింద ఒక వాక్యం తగిలించారు. చదివితే నవ్వొచ్చింది గాని, అది మంచి నవ్వు కాదు.

ఆ రోజుల్లో విదేశీ స్కాలర్‌షిప్ అంటే ఊళ్లో ఎంత హడావిడో నా వయసువాళ్లకి చెప్పనక్కర్లేదు. బెజవాడలో మా గురువుగారు కాళ్లు కడుక్కుని వస్తే గాని ఫిడేలు ముట్టుకోనిచ్చేవారు కాదు. జర్మనీలో దిగగానే నాకు చెప్పిన మొదటి సంగతి నల్లబూట్లు కొనుక్కోమని. రెండో సంగతి వాళ్ల చరిత్ర. ఎవరో ప్రభువు సంగీతం మీది ప్రేమ కొద్దీ ఆ విద్యాలయం పెట్టాడట, యుద్ధంలో బాంబులు పడి కూలిపోతే ఊరివాళ్లు ఇటుక ఇటుక ఏరి మళ్లీ కట్టుకున్నారట. మెట్ల పక్క గోడ నిండా పాత డైరెక్టర్ల పటాలు, అందరికీ అదే గడ్డం, అదే చిరాకు. యుద్ధానికి ముందు ఇక్కడుండిన యూదు ఉపాధ్యాయులు ఏమయ్యారని నా తోటి విద్యార్థి ఒకడు అడిగితే, చరిత్ర చెబుతున్న పెద్దమనిషి ఆ ప్రశ్న విననట్టే, చాలాసేపు ఆర్గన్ గొట్టాల గొప్పతనం వర్ణించాడు. ఆ చరిత్ర విలువెంతో నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఇక కోర్సులంటారా, వాద్యబృందంలో చేరేవాళ్లకొకటి, ఒపేరా పాడేవాళ్లకొకటి, చర్చిలో వాయించేవాళ్లకొకటి, బడిపంతుళ్లకొకటి. నన్ను ఎందులో పెట్టాలో వాళ్లకి తోచక వాద్యబృందంలో పడేసి, గడ్డం కింద ఫిడేలు నొక్కిపెట్టి నిలబడి వాయించడం నేర్పారు. అందులో నాకేమీ చిన్నతనం అనిపించలేదు. వాళ్ల సంగీతం అలాగే పలుకుతుంది. అయితే ఎవరైనా గొప్ప అతిథులు వచ్చే రోజు మాత్రం మా ప్రొఫెసరు తానే వచ్చి, ఇవాళ పంచె కట్టుకో, చాప వేయిస్తాను అనేవాడు. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుని, చేతులు కలిపి వెళ్లిపోయేవారు. నేను వాయించింది ఏ రాగమని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

ఏడాది చివర పరీక్ష. నెగ్గితే స్కాలర్‌షిప్ నిలుస్తుంది, లేకపోతే ఇంటికే. సగం వాళ్ల సంగీతం, సగం మన ఇష్టం. మొదటి సగం నిలబడి వాయిస్తే అందరూ తలలాడించారు. రెండో సగానికి తోడి రాగం ఎంచుకుని, బూట్లు విప్పి కింద కూర్చోబోయాను.

“పరీక్షలో ఎవరూ నేల మీద కూర్చోరు” అన్నాడు ప్రొఫెసరు, తల కూడా ఎత్తకుండా.

మనం కూర్చుంటే ఫిడేలు తల పాదం మీద ఆనుతుంది, ఎడమచెయ్యి దేన్నీ మొయ్యకుండా తీగ మీద హాయిగా జారుతుంది. తోడికి ఆ జారుడే ప్రాణం. నిలబడ్డ నాకు ఫిడేలు పడిపోకుండా పట్టుకోవడంతోనే సరిపోయింది, గాంధారం ఊగనే లేదు. స్వరాలు నిలకడగా లేవని రాసి నన్ను తప్పించారు. అతిథుల చాప ఆ గది మూలనే చుట్టిపెట్టి ఉంది.

తిరిగొచ్చి బెజవాడలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ బతికాను, బాగానే బతికాను. ఆ ప్రొఫెసరు మీద కోపం ఎప్పుడో పోయింది. చులకన మాత్రం పోలేదు, పోవాలని నేను అనుకోనూ లేదు.

ఇప్పుడు అదే పేజీలో ప్రపంచ సంగీతం అని కొత్త కోర్సు ఒకటి పెట్టారు. గదిలో తివాచీలు పరిచి, ఏ దేశపు వాద్యాన్ని ఆ దేశపు తీరులో కూర్చోబెట్టి నేర్పుతారట. అల్లుడు పట్టకారు చేత్తో పట్టుకునే వచ్చి తొంగిచూసి, ఈ ఫోటో అంకుల్స్ గ్రూపులో పెడతానని సంబరపడ్డాడు. మనవరాలు మాత్రం నా మొహమే చూస్తూ ఉంది. జరిగిందంతా దానికి చెప్పాను.

“దెన్ ఐ వోంట్ అప్లై, తాతా” అని లాప్‌టాప్ మూసేసింది.

నా చులకన నాది, దాని చదువు దానిది. ఒకదానికి ఇంకొకటి బలికావడం నాకు నచ్చలేదు.

“వెళ్లు. నిలబడి వాయించడం వాళ్లు బాగా నేర్పుతారు. కూర్చుని వాయించడం మాత్రం నా దగ్గర నేర్చుకుని వెళ్లు” అన్నాను.

చూపిద్దామని సోఫాలోంచి లేచాను గాని సగంలోనే ఆగిపోయాను. హెలెన్స్‌బర్గ్ గుడిలో కూడా కొంతకాలంగా నాకు కుర్చీ వేస్తున్నారు. మనవరాలే షూస్ విప్పి చెక్కనేల మీద కూర్చుంది. ఫిడేలు తల పాదం మీద ఆనించుకుంది గాని, చెయ్యి మాత్రం ఎవరో లాక్కుంటారన్నట్టు బిగించే ఉంచింది. పడిపోదులే, వదులు చెయ్యమ్మా అని పైనుంచి చెబుతూ కూర్చున్నాను. నేను కూర్చోగలిగినన్నాళ్లూ వాళ్లు కూర్చోనివ్వలేదు. ఇప్పుడు తివాచీ పరిచి రమ్మంటున్నారు, నాకు మోకాళ్లు వంగవు.