కంచెకు అవతలి గొంతు

నా గొంతు పెద్దది. తెనాలిలో మా పుట్టింట్లో ఇది ఎవరికీ తప్పుగా తోచలేదు, అక్కడ అందరి గొంతులూ అంతే. ఆక్లాండ్ వచ్చాకే తెలిసింది, నేను మామూలుగా వంకాయల ధర అడిగినా పక్కన నిలబడ్డ మనిషి ఉలిక్కిపడతాడని. మా అమ్మాయి ఇక్కడే పుట్టి ఇక్కడే హైస్కూలుకొచ్చింది. నాకోసం దాని దగ్గర ఒకే మాట ఉంటుంది: "అమ్మా, వాల్యూమ్." బస్సులో అదే, డెయిరీ అనే ఇక్కడి సందుచివరి కొట్లో అదే, స్కూలు గేటు దగ్గర అదే. తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ చివరికి మా అక్క ఫోన్‌లో "ఏమే, ఒంట్లో బాగోలేదా?" అని అడిగేదాకా వచ్చాను.

మౌంట్ రాస్కిల్‌లో మా అద్దె ఇంటి పక్కన ఒక కొరియా ఆవిడ ఉంటుంది. అరవై దాటిన మనిషి కాబట్టి ఆంటీ అంటాను. ఇద్దరి పెరళ్ళకూ మధ్య చెక్క కంచె. దాని మీదుగా ఆవిడ ముల్లంగులు ఇస్తుంది, నేను వాటితో పచ్చడి చేసి తిరిగి ఇస్తాను, కారం చాల్లేదని వంక పెడుతుంది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే గనక మాకు ఎప్పుడూ గొడవలు రాలేదు.

ఆంటీ రోజూ పొద్దున్నే పెరట్లో నిలబడి పాట సాధన చేస్తుంది. గరగరలాడే గొంతు. మొదట్లో ఎవరితోనో పోట్లాడుతోందనుకుని తొంగి చూశాను కూడా. ఆవిడ మొదలుపెట్టగానే మా అమ్మాయి తన గది కిటికీ ధడాలున మూసేస్తుంది. నేను వంటింట్లో ఫోన్‌లో పద్య నాటకాలు పెట్టుకున్నా దానిది ఇదే వరస, ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంటుంది.

ఒక సాయంత్రం ఆంటీ కంచె దగ్గరికి పిలిచింది. శనివారం మధ్యాహ్నం వాళ్ళ కొరియా బృందం కమ్యూనిటీ హాల్లో ప్రదర్శన ఇస్తోందట, ఆవిడ పాట కూడా ఉందట. తీరా చూస్తే డోలు వాయించే ఆయనకు జలుబు చేసి గొంతు పోయింది.

"డోలుకు గొంతెందుకు ఆంటీ?" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆ పాటలో ఒక మనిషి విసనకర్ర పట్టుకుని నిలబడి కథంతా పాడాలి. వినేవాళ్ళు ఊరికే కూర్చోకూడదు. మధ్యమధ్య "ఒల్షిగు", "చోతా" అని కేకేయాలి. మన భళా, శభాష్ లాంటివన్నమాట. డోలాయన అందరికంటే ముందుంటాడు. ఆ కేకలు అందకపోతే పాడేవాళ్ళకు తరువాతి చరణానికి ఊపిరి అందదు. పోయినేడు హాలంతా చర్చిలో ఉన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన ఒక్కడి కేక చాల్లేదు. పాట బాగా ఎత్తుకు ఎక్కే చోట ఆవిడ గొంతు ఆగిపోయింది. వంగి దణ్ణం పెట్టి దిగిపోయింది.

"ఈసారీ ఆగితే ఇక పాడను," అంది. "నువ్వు రా. నువ్వు బాగా అరుస్తావు. రోజూ పిల్లని నిద్ర లేపేటప్పుడు వింటున్నాగా."

సిగ్గుపడాలో సంతోషించాలో తెలియలేదు. సంతోషమే ఎక్కువైంది. శనివారం దాకా కుక్కర్ విజిల్‌తో పోటీపడి ఒల్షిగులు సాధన చేశాను.

"నువ్వు అరిస్తే నేను లాస్ట్ రోలో కూర్చుంటా," అంది మా అమ్మాయి. ఆంటీ మాకోసం మొదటి వరుసలో కుర్చీలు పట్టి ఉంచింది, పాపం దాని పాచిక పారలేదు.

మొదట డోళ్ళు, తాళాలు, గంటలు. టోపీకి కట్టిన పొడవాటి కాగితపు పట్టీని తల తిప్పుతూ గాల్లో సున్నాలు చుట్టినాయన మా కారు బాగుచేసే మెకానిక్కు. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి చూసింది. ఆ తరువాత ఆకుపచ్చ పట్టుబట్టల్లో ఆంటీ వచ్చి నిలబడింది.

హాలంతా మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చుంది. ఆవిడ మొదటి చరణం పాడి ఆగి నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. ఒల్షిగు అని గుసగుస వచ్చింది. ఇన్నేళ్ళుగా వాల్యూమ్ తగ్గించుకున్న గొంతు అడిగినప్పుడు పెరగనంది. మళ్ళీ చూసింది. మళ్ళీ గుసగుసే. నామీద నాకే ఒళ్ళు మండింది. ఆవిడ గొంతు సన్నబడుతోంది, ముందు ఆ ఎత్తు ఉంది. రోజూ వంటింట్లోంచి వినే పాటే కదా, ఎక్కడ ఎక్కాలో నాకూ తెలుసు.

ఎక్కింది. ఎక్కి అక్కడే నిలబెట్టింది ఆ గరగర గొంతుని. నాకు ప్రాణం లేచొచ్చింది, ఆపుకోలేకపోయాను. కానీ నోట్లోంచి వచ్చింది ఒల్షిగు కాదు.

"వన్స్ మోర్!"

మావైపు నాటకాల్లో నటుడు రాగం తీసి నిలబెడితే జనం అనేది ఆ మాటే. అంతకు మించిన సన్మానం లేదు. అలా అన్నాక చచ్చి పడున్న పాత్రయినా లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చావాల్సిందే. ఆ సంగతి ఆ హాల్లో నాకు తప్ప ఎవరికి తెలుసు?

ఆంటీ ఆగిపోయింది. పోయినేడు ఆగిన చోటే. ముఖం పాలిపోయింది. తప్పు పాడావు, మళ్ళీ పాడు అని నేనన్నాననుకుంది. హాలంతా నా వైపు తిరిగింది. ఆవిడ విసనకర్ర మడుస్తోంది. వంగి దణ్ణం పెట్టి దిగిపోబోతోందని అర్థమైంది.

పక్కన కుర్చీ కిర్రుమంది. మా అమ్మాయి లేచి నిలబడింది.

"బాగా పాడారని అంటోంది మా అమ్మ," అని ఇంగ్లీషులో చివరి వరుస దాకా వినబడేలా అరిచింది. "మావాళ్ళు బాగుంటేనే మళ్ళీ పాడమంటారు."

దాని గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. అచ్చం నా గొంతే.

హాలు నవ్వింది. ఆంటీ నవ్వింది. డోలాయన దెబ్బ వేశాడు. ఆంటీ విసనకర్ర విప్పి ఆ చరణం మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి మెకానిక్కు మొదలుకొని ఎవరికి తోచిన కేక వాళ్ళు వేశారు. నేనూ వేశాను, నిండుగా. ఎవరూ వాల్యూమ్ అనలేదు.

సోమవారం పొద్దున పెరట్లో పాట మొదలైంది. నేను దోసె తిరగేస్తున్నాను. ఆ ఎత్తు దగ్గరికొచ్చి, ఎక్కి, ఆంటీ ఠక్కున ఆగి మా ఇంటి వైపు చూసింది. అట్లకాడ పట్టుకుని నేను కిటికీ దగ్గరికి వెళ్ళేలోపే పక్క గది కిటికీ తెరుచుకుంది.

"వన్స్ మోర్," అంది నిద్రమత్తు వదలని నా గొంతే, మా అమ్మాయి గదిలోంచి.